ఆరో పడక

దుప్పటి చివరలు రెండు చేతుల్లోనూ బిగించి ఒక్క విదిలింపు విదిలించేసరికి, అటువైపు పట్టుకున్న పెద్దక్క రెండడుగులు ముందుకు తూలింది.

“నెమ్మదే పిల్లా! దుప్పటి చింపుతావా, నా భుజాలు ఊడగొడతావా?”

“సాయంత్రం ఐదింటిలోపు తేల్చాలక్కా. ఐదు దాటిందంటే ఆఫర్ పోయినట్టే.”

“పొద్దుట్నుంచీ ఈ మాట పదకొండోసారి చెప్పావు. ముందు అంచు చూసుకో.”

ఆమె అంచు చూసుకుంది. ఇద్దరూ దుప్పటిని నిలువుగా సగానికి మడిచి, గట్టిగా లాగి, ఎదురెదురుగా నడిచారు. పెద్దక్క తన చేతిలోని చివరలను ఆమె చేతికి అందించి, వంగి కింది మడత పట్టుకుని వెనక్కి వెళ్ళింది. మళ్ళీ ఎదురు నడక, మళ్ళీ అప్పగింత. చూస్తుండగానే మంచమంత గుడ్డ పుస్తకమంత అయి బల్ల మీదికి చేరింది. ట్రాలీలో ఇంకా మూడొందలు ఉన్నాయి.

ఆస్పత్రి అడుగు అంతస్తులో ఉంది ఆ లాండ్రీ. ఒక గోడకు ఉతికే మిషన్లు, ఎదుటి గోడకు ఆరబెట్టే మిషన్లు, మధ్యలో రేకు పరిచిన పొడుగాటి బల్ల. మనిషి చేతికి అందనంత ఎత్తులో ఒక చిన్న కిటికీ. దాంట్లోంచి రోడ్డు మీద పోయేవాళ్ళ పాదాలు మాత్రమే కనిపిస్తాయి. బయట వాన పడుతోందో ఎండ కాస్తోందో ఆ పాదాలను బట్టే తెలుసుకోవాలి.

ఇక్కడ ఆమెను అందరూ హడావిడి అనే పిలుస్తారు. జీతం కాగితాల్లో వేరే పేరుంది గాని, ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూడదు. పొట్టి మనిషి. ఆవిరికి ముంగురులు ఎప్పుడూ నుదుటికి అంటుకుని ఉంటాయి. ఇరవై రెండేళ్ళుగా తడిగుడ్డలూ మందునీళ్ళూ ముట్టుకుని వేలిముద్రలు అరిగిపోయాయి. గుమ్మం దగ్గర పెట్టిన హాజరు మిషన్ ఆమె బొటనవేలిని గుర్తుపట్టదు. రోజూ నాలుగైదుసార్లు నొక్కి, దాన్ని నాలుగు తిట్లు తిట్టి, పక్కనున్న పుస్తకంలో సంతకం పెట్టి లోపలికి వస్తుంది.

ఆ రోజు మాత్రం తిట్టలేదు. మిషన్‌ని బుజ్జగించి మరీ వచ్చింది. ఏప్రాన్ జేబులో రెండు ఓడల రంగుల కాగితాలున్నాయి మరి.

పెద్దకూతురికి దూరపు ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. నెల తిరిగేసరికి వెళ్ళిపోవాలి. అది వెళ్ళేలోపు ఇంటిల్లిపాదీ కలిసి ఒక్కసారి సముద్రం మీద నాలుగు రోజులు తిరిగి రావాలని ఆమె పట్టుబట్టింది. ఇంటిల్లిపాదీ అంటే ఐదుగురు: ఆమె, భర్త, అత్తగారు, ఇద్దరు ఆడపిల్లలు. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఏ ఓడ అన్న దగ్గరే.

మొదటి ఓడకు ఇంట్లో వాళ్ళు సందడి ఓడ అని పేరు పెట్టారు. అందులో వేలమంది ఎక్కుతారు. మూడంతస్తుల ఎత్తు నుంచి నీళ్ళలోకి జారే జారుడుబండ ఉంది. గదులు మాత్రం ఓడ కడుపులో, కిటికీ లేకుండా, ఐదుగురికి రెండు చోట్ల. రెండోది దర్జా ఓడ. దానికి ఒకటిన్నర రెట్లు పెట్టాలి. అందరూ ఒకే గదిలో ఉండొచ్చు, బాల్కనీ ఉంది, తోపులాట లేదు, జారుడుబండ కూడా లేదు. పెద్దది దర్జా అంది, చిన్నది సందడి అంది. అత్తగారు “ఏ ఓడకి మెట్లు తక్కువ?” అని అడిగి ఊరుకుంది. ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చదివే భర్త, ఆ కాగితాల అడుగున చీమల బారులా ఉన్న షరతులన్నీ రెండు రోజులు కూర్చుని చదివాడు. చివరికి కళ్ళజోడు తీసి, “ఇక నువ్వే తేల్చు” అన్నాడు.

“మావారు ఏం కనిపెట్టారో తెలుసా అక్కా?” అంది హడావిడి, తరవాతి దుప్పటి అందుకుంటూ. “సందడి ఓడలో తాగేనీళ్ళకి వేరే డబ్బు. ఎండలో పడుకునే కుర్చీకి వేరే. ఒళ్ళు తుడుచుకునే తువ్వాలుకి అద్దె!”

“తువ్వాలుకా?” పెద్దక్క చేతులు ఆగిపోయాయి.

“తువ్వాలుకే!”

బాయిలర్ దగ్గర నూనె వేస్తున్న ముసలాయన కూడా తలెత్తి చూశాడు. రోజుకు ఎనిమిదొందల తువ్వాళ్ళు మడిచి పంపే చోట అంతకంటే అన్యాయమైన మాట ఎవరూ విని ఉండరు.

“అయితే అది కొట్టెయ్,” అంది పెద్దక్క.

“దర్జా ఓడలోనేమో రోజుకి రెండుసార్లు దుప్పట్లు మారుస్తారట.”

పెద్దక్క చేతిలోని అంచు సరిచేసుకుంది. “ఎవరు మడతపెడతారో, పాపం.”

పదకొండింటికి ఆపరేషన్ గది గౌన్ల కోసం పిల్లల డాక్టరమ్మ స్వయంగా కిందికి దిగింది. ఆవిడ రెండేళ్ళకోసారి ఓడెక్కుతుందని ఆస్పత్రంతటికీ తెలుసు. హడావిడి గౌన్ల కట్ట చేతికిస్తూనే, వదలకుండా అడిగేసింది.

“ఎక్కువ డబ్బు పెట్టి మనం కొనేది నిశ్శబ్దమమ్మా,” అంది డాక్టరమ్మ. “క్యూలుండవు, అరుపులుండవు. ప్రాణానికి హాయిగా ఉంటుంది.”

హడావిడి తల ఊపింది గాని, ఆ మాట లోపలికి దిగలేదు. ఇరవై రెండేళ్ళు మిషన్ల హోరులో గొంతెత్తి మాట్లాడిన మనిషి ఆమె. ఇంట్లో అత్తగారికి చెముడు కాబట్టి అక్కడా అదే గొంతు. నిశ్శబ్దం చేతికిస్తే దాన్ని ఏం చేసుకోవాలో ఆమెకు తెలియదు. పన్నెండింటికి క్యాంటీన్ గల్లా దగ్గర కూర్చునే ఆయన్ని అడిగితే, ఆయన పోయినేడు సందడి ఓడ ఎక్కినవాడు, పొట్ట పట్టుకుని నవ్వాడు. “నాలుగు రోజులూ క్యూలోనే నిలబడ్డామమ్మా. అన్నానికి క్యూ, స్నానానికి క్యూ. కానీ ఆ క్యూల్లో నవ్వినంత నవ్వు మా ఇంట్లో పదేళ్ళలో నవ్వలేదు!”

ఒకరిటు, ఒకరటు. ఆమె పరిస్థితి మొదటికొచ్చింది.

మధ్యాహ్నం లాండ్రీ వెనక మెట్ల మీద కూర్చుని డబ్బాలు విప్పారు. పెద్దక్క పై మెట్టు మీద, ఆమె కింది మెట్టు మీద. ఎప్పుడు మొదలైందో తెలియదు, ఆ వరస మారలేదు. పెద్దక్క పొడుగు మనిషి, బక్క మనిషి. మాట కూడా పొదుపే. పెళ్ళైన ఏడాదికే భర్త పోతే, ఆయన పనిచేసిన ఆస్పత్రిలోనే ఈ పని ఇచ్చారు. ముప్పై ఒక్కేళ్ళు. ఒక గది, ఒక పొయ్యి, ఒక కుర్చీ. సెలవు పెడితే చెల్లెలి ఊరు, లేకపోతే ఎక్కడికీ లేదు. ఈ నెలాఖరుకు ఉద్యోగం అయిపోతుంది. తరవాత ఆ చెల్లెలి దగ్గరికే వెళ్ళిపోతుంది. ఆ మాట అనుకున్నప్పుడల్లా హడావిడి ఇంకేదైనా మాట ఎత్తుకుంటుంది.

హడావిడి ఇక్కడ చేరిన ఏడే పెద్దకూతురు కడుపులో పడింది. దుప్పటి మడిచేటప్పుడు ఇద్దరూ చెరిసగం నడవాలి. అయిదో నెల రాగానే పెద్దక్క, “నువ్వు నిలబడు. నేను నడుస్తా,” అంది. అంతే. నాలుగు నెలలు రోజుకు అయిదొందల దుప్పట్లకూ ఆవిడే వచ్చింది, ఆవిడే వెళ్ళింది. పిల్ల పుట్టాక చూడడానికి వచ్చి, పాదాలు పట్టుకుని చూసి, “ఇది బాగా నడుస్తుంది,” అని మాత్రం అంది.

“ఓడ కదులుతున్నట్టు లోపలున్నవాళ్ళకి తెలుస్తుందా?” అంది ఇప్పుడు పెద్దక్క, డబ్బా మూత పెడుతూ.

పొద్దుట్నుంచీ ఆవిడ తనంతట తాను అడిగిన మాట అదొక్కటే.

“ఏమోనక్కా. అడుగుతాలే.”

నాలుగుంబావుకు పర్యవేక్షకుడిని బతిమాలి, అరగంట అనుమతి తీసుకుని, ఏప్రాన్ విప్పడం కూడా మరిచిపోయి రోడ్డు దాటింది. టికెట్ల ఆఫీసు సరిగ్గా ఎదురుగానే ఉంది. అద్దాల తలుపు, లోపల చల్లటి గాలి, గోడ నిండా నీలం నీళ్ళు. బల్ల వెనక కూర్చున్న అమ్మాయి ఆమెను చూడగానే నవ్వేసింది. వారంలో ఇది అయిదో రాక.

“తేల్చుకున్నారా ఆంటీ?”

“ముందు ఇది చెప్పమ్మా. ఓడ కదులుతున్నట్టు లోపల తెలుస్తుందా?”

“పగలు అంతగా తెలీదు. పడుకున్నాక తెలుస్తుంది. ఊయలలో ఉన్నట్టుంటుంది.”

“ఊయలలో ఉన్నట్టు,” అని ఆమె తనలో తాను అనుకుంది. బాల్కనీ సంగతీ కాదు, భోజనాల సంగతీ కాదు. మొట్టమొదట తన నోట వచ్చింది పెద్దక్క ప్రశ్న. అది తట్టగానే బల్ల మీదికి వంగింది.

“దర్జా... అదే, ఆ ఖరీదైన ఓడలో గది ఇంకోసారి చూపించమ్మా.”

అమ్మాయి తెర ఆమె వైపు తిప్పింది. “ఇదిగో, ఫ్యామిలీ గది. కింద మూడు పడకలు, పైన మూడు. ఐదుగురు వెళ్ళినా ఆరుగురు వెళ్ళినా గది ధర ఒకటే.”

“మేం ఐదుగురమే కదా. ఆరో పడక మరి?”

“ఖాళీగా వెళ్తుంది.”

ఖాళీగా వెళ్ళడమేమిటి? ఆస్పత్రిలో ఖాళీ పడక అన్నది ఆమె కనీవినీ ఎరగదు. ఒకరు లేవగానే దుప్పటి మారుతుంది, ఇంకొకరు వచ్చి పడుకుంటారు. ఆమె ఆ తెర మీది ఆరో పడక వంక చూసింది. తెల్లటి దుప్పటి, మూలలు సరిగ్గా లోపలికి మడిచి ఉన్నాయి. ఎవరో చెయ్యి తిరిగిన మనిషే మడిచింది.

వెంటనే ఇంటికి ఫోన్ చేసింది. భర్త పని ముగించుకుని వచ్చి ఉన్నాడు. ఫోన్ అందరికీ వినపడేలా పెట్టించి, ఊపిరి తీసుకోకుండా చెప్పింది. అవతలనుంచి కాగితాలు తిరగేసిన చప్పుడు.

“పద్నాలుగో షరతు,” అన్నాడు భర్త. “ఒకసారి పేరు రాయించాక మార్చడానికి వీల్లేదు. డబ్బు వెనక్కి ఇవ్వరు. నువ్వు మీ పెద్దక్కనడిగావా?”

“లేదు.”

“ఆవిడ రానంటే? ఒకరి దగ్గర ఏదీ తీసుకునే మనిషి కాదు కదే. ఖరీదైన ఓడా ఎక్కినట్టు, ఆవిడ మనసూ కష్టపెట్టినట్టు అవుతుంది.”

“దాంట్లో జారుడుబండ లేదు!” అని వెనకనుంచి చిన్నది అరిచింది.

ఈ లోపు ఫోన్ చేతులు మారింది. అత్తగారి గొంతు రోడ్డు అవతలికి వినిపించేంత గట్టిగా మోగింది. “రాయించెయ్ అమ్మాయ్! రానంటే ఆ పడక మీద నా సామాను పెట్టుకుంటా. మీరంతా నాలుగు రోజులూ ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. నాకు మాట్లాడుకోవడానికి మనిషి కావాలి.”

“పెద్దక్క మాట్లాడదు అత్తయ్యా.”

“మరీ మంచిది. నేను మాట్లాడతా.”

“పెద్దమ్మ వస్తుందా?” అంది చిన్నది, ఈసారి గొంతు తగ్గించి. “అయితే జారుడుబండ లేకపోయినా సర్లే. కానీ బాల్కనీ పక్క పడక నాది.”

భర్త ఫోన్ మళ్ళీ అందుకున్నాడు. “ఇక్కడ అందరూ ఒప్పేసుకున్నారు,” అన్నాడు నవ్వుతూ. “రాయించు. పద్నాలుగో షరతు నేను చదవనే లేదనుకుంటాలే.”

అమ్మాయి ఒక్కొక్కరి పేరూ, వయసూ అడిగి రాసుకుంటూ ఆరో వరసకు వచ్చింది. పెద్దక్క పేరు చెప్పడానికి హడావిడి రెండు క్షణాలు ఆలోచించవలసి వచ్చింది.

“సంబంధం?”

“అక్క.”

“సొంత అక్కా ఆంటీ?”

“ఆ గడిలో సొంతం అని రాయాలా?”

“అక్కర్లేదు. ఊరికే అడిగాను.”

“అయితే అక్క అని రాసెయ్.”

రసీదు మడిచి జాకెట్లో పెట్టుకుని రోడ్డు దాటుతుంటే కాళ్ళు నేల మీద ఆనలేదు. మెట్లు దిగేసరికి మాత్రం భయం పట్టుకుంది. పెద్దక్క ఒంటరిగా దిండు గలీబులు మడుచుకుంటోంది. ఆమెను చూసి, గలీబులు పక్కకు నెట్టి, దుప్పటి ఒక కొస అందించింది.

“తేలిందా?”

“తేలిందక్కా. దర్జా ఓడే. గదికి ఆరు పడకలు. ఆరో పడకకి నీ పేరు రాయించా.”

దుప్పటి మధ్యలో ఆగిపోయింది.

“ఎవర్నడిగి రాయించావు?”

“ఎవర్నీ అడగలేదు.”

“మీ ఇంటిల్లిపాదీ వెళ్ళే ప్రయాణంలో నేనెవర్నే?” పెద్దక్క గొంతు పెరగలేదు. అందుకే హడావిడికి ఇంకా భయం వేసింది. “ఒంటరిదని జాలిపడ్డావా? ముప్పై ఒక్కేళ్ళు నా తిండి నేను తిన్నాను. వెళ్ళిపోయేముందు ఎవరూ నన్ను మోసుకు తిప్పక్కర్లేదు.”

హడావిడి దుప్పటి చివరలు పట్టుకుని అలాగే నిలబడింది. పెద్దక్కే ఒక లాగు లాగి, మడత సరిచేసి, ఎదురు నడిచి వచ్చింది. చివరలు చేతిలో పెట్టేటప్పుడు ఇద్దరి ముఖాలూ జానెడు దూరంలోకి వచ్చాయి.

“జాలి నీ మీద కాదక్కా, నా మీద,” అంది హడావిడి ఉన్నట్టుండి. “మా అత్తయ్యతో నాలుగు రోజులు ఒకే గదిలో నేనొక్కదాన్నే వేగలేను.”

పెద్దక్క పెదవి ఒక మూల కొద్దిగా వంగింది. తిరిగి వెనక్కి నడిచింది.

“పిల్లలిద్దరూ కూడా నువ్వు రావాలన్నారు. చిన్నది జారుడుబండ వదులుకుంది. ఇంకోటి... ఓడ కదిలేది తెలుస్తుందట. పడుకున్నాక. ఊయలలో ఉన్నట్టుంటుందట.”

“నిజంగా అడిగావా?”

“అన్నిటికంటే ముందు అదే అడిగా.”

ఇద్దరూ ఇంకో దుప్పటి మడిచారు. ఆ తరవాత ఇంకోటి. పెద్దక్క ఆ రెండో దాన్ని దొంతర మీద పెట్టి, అవసరం లేకపోయినా అరచేత్తో రెండుసార్లు నిమిరింది.

“పై పడక నేనెక్కలేను,” అంది. “మోకాళ్ళు రావు.”

ఆ మాటకు అర్థం ఏమిటో తెలియడానికి హడావిడికి ఒక్క క్షణం పట్టింది.

“కింది పడకే అక్కా! కింది పడకే!”

“కిందిదే రాయించావా?”

రాయించలేదు. గోడ గడియారంలో ఐదుకు ఏడు నిమిషాలుంది. హడావిడి చేతిలోని దుప్పటి పెద్దక్క మీదికి విసిరేసి మెట్ల మీదికి ఉరికింది. ట్రాలీకి గుద్దుకుంది, మందుల గది నర్సుకు తగలబోయి తప్పుకుంది, వాకిట్లో హాజరు మిషన్ ఎర్రదీపం వెలిగించి కీచుమంటున్నా పట్టించుకోలేదు. కిటికీలోంచి హడావిడి చెప్పులు మాత్రమే కనబడ్డాయనీ, అంత వేగంగా పరిగెత్తే చెప్పులు ముప్పై ఒక్కేళ్ళలో ఆ కిటికీలో చూడలేదనీ పెద్దక్క తరవాత ఎన్నిసార్లు చెప్పిందో.

అమ్మాయి తెర ఆర్పబోతోంది. “కింది పడక!” అంది హడావిడి తలుపులోంచే. “మా అక్కకి కింది పడక!”

నెలాఖరున లాండ్రీలో పెద్దక్కకు ఒక గొడుగూ ఒక పూలగుత్తీ ఇచ్చి పంపారు. ఆవిడ గది తాళం ఇంటివాళ్ళకు అప్పగించేసింది. సామానంతా రెండు పెట్టెల్లో సర్ది ముందే చెల్లెలి ఊరికి పంపించేసింది. ఓడ తిరిగొచ్చే రోజున రేవుకే వచ్చి తీసుకెళ్తానని చెల్లెలు చెప్పింది. అంచేత బయల్దేరే పొద్దున రేవు గేటు దగ్గరికి ఒక చిన్న సంచీతో, కొత్త చెప్పులతో, అందరికంటే గంట ముందే వచ్చి నిలబడింది. చంకలో నీలం రంగు ఫ్లాస్కు. తెల్లవారకముందే లేచి, ఇంటివాళ్ళ పొయ్యి మీద ఆరుగురికీ టీ కాచి తెచ్చింది.

“ఓడలో అన్నీ ఉంటాయక్కా,” అంది హడావిడి.

“ఉంటే ఉండనీ.”

గేటు దగ్గర గార్డు తల అడ్డంగా ఊపాడు. బయటి తిండీ తాగేవీ లోపలికి కుదరవు. ఫ్లాస్కు కావాలంటే ఇక్కడ పెట్టి, వచ్చేటప్పుడు తీసుకోవచ్చు. పెద్దక్క అతన్ని నిదానంగా చూసింది. తరవాత అక్కడే, గేటు పక్కన బల్ల మీద సంచీ దించి, మూత తీసి, పోయడం మొదలుపెట్టింది. మూతే కప్పు. వంతులవారీగా తాగారు: మొదట అత్తగారు, తరవాత పిల్లలు, తరవాత భర్త. అత్తగారు చక్కెర తక్కువైందని గట్టిగా చెప్పి రెండోసారి పోయించుకుంది. గార్డుకు కూడా ఒక వంతు వచ్చింది. వెనకాల క్యూలో ఉన్నవాళ్ళు నవ్వుతున్నారు. చివరి వంతు హడావిడి సగం తాగి పెద్దక్కకిచ్చింది.

గదిలో బాల్కనీ తలుపు తీయగానే పిల్లలు కేకలు వేశారు. బాల్కనీ పక్కది చిన్నదానికి పోగా, అత్తగారు మిగిలిన రెండు కింది పడకల మీదా కూర్చుని చూసి, మెత్తనిది ఏదో తేల్చుకుని, రెండోది పెద్దక్కకు చూపించింది. హడావిడి అందరినీ ఫోటోకు నిలబెడుతూ, “నవ్వండి, నవ్వండి, ఇంకా కదల్లేదు,” అంటోంది.

“కదిలింది,” అంది పెద్దక్క.

అప్పుడు చూశారు అందరూ. ఎప్పుడు మొదలైందో, ఓడకూ రేవుకూ మధ్య బారెడు నీళ్ళున్నాయి. హడావిడి బాల్కనీ కమ్మీ పట్టుకుని కిందికి వంగింది. గేటు దగ్గర గార్డు ఇంకెవరికో దారి చూపిస్తున్నాడు. అతని పక్కన బల్ల మీద నీలం ఫ్లాస్కు ఎండలో మెరుస్తోంది, దాని పక్కనే ఆరడానికి బోర్లించిన మూత.